కత్తి మీద లేని పురుగులు

పదకొండేళ్ళ కిందట ఒక పెద్దమనిషి నన్నొక ప్రశ్న అడిగాడు. నేను "ఊఁ" అన్నాను. అది అబద్ధం. అంటున్నప్పుడే అబద్ధమని తెలుసు. ఆ ఒక్క మాటను ఇన్నేళ్ళూ గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాను. వంట చేశాను, పాఠాలు చెప్పాను, పెళ్ళిళ్ళకు వెళ్ళి నవ్వాను. అది మాత్రం ఉన్నచోటనే ఉంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఊరి పేరూ కాలేజీ పేరూ రాయను. ఒక్క సింహాచలం పేరు రాస్తాను. మా ప్రాంతంలో ఆ పేరున్నవాళ్ళు వీధికి ముగ్గురుంటారు, కాబట్టి రాసినా దాచినట్టే.

టెక్కలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. కాపురం పలాసలో. అత్తవారిది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. కొబ్బరి, జీడి తోటలు. మా ఆయన పదో తరగతితో చదువు ఆపి కొబ్బరికాయల వ్యాపారంలో దిగారు. మా అత్తగారు నన్ను ఎవరికి చూపించినా "మా కోడలు సైన్సు సెప్తాది" అని మొదలుపెట్టేది. పాము కరిచినా, ఆవు ఈనకపోయినా, నీళ్ళలో ఉప్పు పెరిగినా నన్నే అడిగేవారు. ఆ ఇంట్లోనే కాదు, ఆ ఊళ్ళోనే నా మాటకు అంత విలువ ఉండేది.

ముందు మా పుట్టింటి సంగతి చెప్పాలి. అక్కడే మొదలైంది.

నాకొక తమ్ముడు ఉండేవాడు. నందిగాం దగ్గర మా ఊళ్ళో, ఆరో ఏట, జీడిచెట్టు కింది కొమ్మ మీంచి జారిపడ్డాడు. ఎత్తు నా నడుం దాకా కూడా లేదు. పళ్ళు దిగి నాలుక కొద్దిగా తెగింది. ఆగినట్టే ఆగి మళ్ళీ కారేది రక్తం. నాలుగో రోజు పోయాడు. నాకప్పుడు పదేళ్ళు. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు. మా అమ్మ ఏమీ అనలేదు. అమ్మ అన్నదమ్ములిద్దరు కూడా చిన్నతనంలోనే అలాగే పోయారని, ఒకడికి పాలపన్ను ఊడినప్పుడు మొదలైన రక్తం ఆగలేదని, చాలా ఏళ్ళ తర్వాత మా పిన్ని చెప్పింది.

డిగ్రీ రెండో ఏట ఆ పాఠం వచ్చింది. మనిషి కణంలో ఇరవై మూడు జతల క్రోమోజోములు. ఆఖరి జతలో ఆడవాళ్ళకు రెండు ఎక్స్‌లు, మగవాళ్ళకు ఒక ఎక్స్, ఒక వై. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఒక పదార్థాన్ని తయారుచేయించే జన్యువు ఎక్స్ మీద ఉంటుంది. ఆడదానికి ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది, ఆమెకు ఏమీ తెలియదు. కొడుక్కి తల్లి ఇచ్చే ఎక్స్ ఒక్కటే. ఆ ఇచ్చేది చెడ్డదైతే వాడికి మరో దారి లేదు. దాన్ని హీమోఫీలియా అంటారు. వంశవృక్షం గీసేటప్పుడు ఆడవాళ్ళకు సున్నా, మగవాళ్ళకు చదరం. జబ్బున్నవాళ్ళకు నల్లరంగు నింపుతాం, జబ్బు లేకుండా దాన్ని మోసే ఆడవాళ్ళకు సున్నాలో చుక్క పెడతాం. నోటుబుక్కు ఆఖరి పేజీలో మా ఇంటి వంశవృక్షం గీశాను. అమ్మ అన్నదమ్ములిద్దరు, మా తమ్ముడు. మూడు నల్ల చదరాలు. అమ్మ సున్నాలో చుక్క ఖాయం. నా సున్నాలో చుక్క పెట్టాలా వద్దా? సగానికి సగం అవకాశం. పెట్టలేదు. కాగితం చించి పొయ్యిలో వేశాను.

పెళ్ళిచూపులప్పుడు తమ్ముడి గురించి అడిగారు. చెట్టు మీంచి పడ్డాడని అమ్మ చెప్పింది. అది నిజమే కదా. నేను తల వంచుకుని కూర్చున్నాను, పెళ్ళికూతుళ్ళు ఎలాగూ అలాగే కూర్చుంటారు.

బాబు పుట్టాడు. పాకడం మొదలయ్యాక మోకాళ్ళ మీద నీలం మచ్చలు. చంకల కింద చేతులు వేసి ఎత్తితే వేళ్ళ గుర్తులు పడేవి. దోమలన్నాను. ఒంటితత్వమన్నాను. నిజంగా నాకు తెలియదా? తెలుసు. సగం అవకాశం కాస్తా పూర్తయిందని తెలుసు. కానీ తెలిసినదాన్ని తెలియనట్టు పక్కన పెట్టుకుని బతకడం మనుషులకు అంత కష్టమేమీ కాదు. నాకైతే అస్సలు కష్టమనిపించలేదు.

పదకొండో నెలలో పుట్టువెంట్రుకలు తీయిద్దామన్నారు. జలుబని వాయిదా వేయించాను. తర్వాత పరీక్షలన్నాను. మూడో ఏడు వచ్చేసరికి మా అత్తగారు నా మాట వినలేదు. పిల్లాడికి జడ వేస్తున్నారని ఊరంతా నవ్వుతోందంది. నేను నోరు విప్పి ఒక్క మాట చెప్పి ఉంటే ఆగిపోయేది. ఆ మాట చెబితే తర్వాతి ప్రశ్న మా తమ్ముడి గురించే. ఆ తర్వాత పెళ్ళికి ముందే తెలిసి దాచావా అంటారు. పుట్టింటికి పంపేస్తే ఏం చేయాలి? పెళ్ళి కావలసిన చెల్లెలు ఇంట్లో ఉంది. ఇవన్నీ లెక్కవేసుకుని ఊరుకున్నాను.

సింహాచలం ఆ ఊరి మంగలి. అప్పటికి యాభై దాటి ఉంటాయి. మా ఆయన పుట్టువెంట్రుకలు ఆయనే తీశాడు. మా మామగారివి ఆయన తండ్రి తీశాడట. మా ఆయన ఆయన్ని మావా అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. పసిపిల్లల తల గొరగడంలో ఆయనకొక పద్ధతి ఉంది. నెత్తి మీద నీళ్ళు పోసి అరచేత్తో రుద్దుతూ ఉంటాడు. తొందరపడడు. ఎవరు తొందరపెట్టినా పట్టించుకోడు. రుద్దగా రుద్దగా పిల్లాడి కళ్ళు మూతలు పడతాయి. అప్పుడు కత్తి తీసి, ముందు తన ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూసుకుని, తర్వాత పిల్లాడి తల మీద పెడతాడు. ఆయన చేతిలో ఏ పిల్లాడూ ఏడ్చి ఎరగడని ఊళ్ళో చెప్పుకునేవారు.

మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీయించాలి. మేనమామ లేడు. మా పెద్దమ్మ కొడుకు కూర్చున్నాడు. బాబు ఆ ఒళ్ళో కూర్చుని బెల్లంముక్క చప్పరిస్తుంటే, ఆ చోట ఉండవలసినవాడు ఎందుకు లేడో ఆ పందిట్లో మా అమ్మకూ నాకూ మాత్రమే తెలుసు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకోలేదు.

సగం తల అయింది. బాబు నిద్రలో జోగుతున్నాడు. వీధిలోంచి వచ్చిన మేళంవాళ్ళు పందిట్లోనే డప్పు మీద దెబ్బ వేశారు. బాబు ఉలిక్కిపడ్డాడు. కుడి చెవి పైన బియ్యపుగింజంత గాటు. సింహాచలం వెంటనే పటిక అద్ది బొటనవేలితో నొక్కిపట్టాడు. ఆగింది. అందరూ భోజనాలకు లేచారు. సాయంత్రానికి మళ్ళీ కారింది. పసుపు పెట్టారు, కాఫీపొడి పెట్టారు. సింహాచలాన్ని పిలిస్తే పరుగున వచ్చి, అన్నం మానేసి, గాటు మీద వేలు తీయకుండా కూర్చున్నాడు. మర్నాటికి తలగుడ్డ తడిసింది. బాబు పెదాలు తెల్లబడ్డాయి. పలాస ఆస్పత్రిలో చూసి విశాఖపట్నం తీసుకుపొమ్మన్నారు. రైలెక్కాం.

విశాఖలో డాక్టరమ్మ నాతో ఒంటరిగా మాట్లాడింది. మా ఆయన రక్తం సీసా కోసం పరుగెత్తారు. నేను జువాలజీ లెక్చరర్నని తెలిశాక ఆవిడకు పని తేలికైంది. పరీక్షలో ఏం తేలిందో, ఏ పదార్థం లేదో, అది ఎక్కడి నుంచి వస్తుందో చెప్పింది. మీ పుట్టింటి వైపు మగపిల్లలకు ఎవరికైనా ఇలా జరిగిందా అని అడిగింది. లేదండీ అన్నాను. ఒక్కోసారి కొత్తగా కూడా వస్తుందని రాసుకుంది. మీవాళ్ళకు మీరే బాగా వివరించగలరు కదా అని లేచి వెళ్ళిపోయింది.

మా ఆయన వచ్చి ఏమందని అడిగారు. వరండాలో నిలబడి ఉన్నాం. చొక్కా మీద బాబు రక్తం ఎండి ఉంది. నేను వివరించాను. కత్తి శుభ్రంగా లేకపోతే దాని మీది పురుగులు గాటులోంచి పోయి రక్తాన్ని పాడు చేస్తాయట, అందుకే గడ్డకట్టడం లేదట. పాఠం చెప్పినట్టు చెప్పాను. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. నా సంచీలో పెట్టుకున్నాను.

అప్పటికప్పుడు కల్పించానా, రైల్లోనే ఆలోచించి పెట్టుకున్నానా? చాలాసార్లు వేసుకున్నాను ఈ ప్రశ్న. రైల్లోనే అనుకుంటాను.

బాబు బతికాడు. పది రోజులకు ఇంటికి తెచ్చాం. ఈలోగా నా మాట మా కన్నా ముందే ఊరు చేరింది. ఎవరూ సింహాచలాన్ని తిట్టలేదు, కొట్టలేదు. పిలవడం మానేశారు, అంతే. మెయిన్ రోడ్డు మీది ఊరి నుంచి ఇంకొకతను సైకిల్ మీద రావడం మొదలుపెట్టాడు. ప్రతి తలకూ కొత్త బ్లేడు వేసేవాడు. ఇది మంచిదే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఒకే కత్తితో అందరికీ గొరిగితే జబ్బులు అంటుకోవా? అంటుకుంటాయి. నేను చెప్పిన అబద్ధంలో అంత నిజం ఉండబట్టే అది నిలబడింది.

ఇంతవరకే అయితే బహుశా ఇది రాసేదాన్ని కాదు. భయంతో చెప్పిన అబద్ధమని సర్దుకునేదాన్ని. తర్వాత జరిగింది వేరు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం సింహాచలం టెక్కలి వచ్చాడు. బస్సు దిగి, కాలేజీ ఎక్కడని అడుగుతూ, నేరుగా ల్యాబుకు వచ్చాడు. ప్రాక్టికల్స్ అయిపోయి పిల్లలు వెళ్ళిపోయారు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతిలో గుడ్డమూటతో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే వచ్చాడు. స్టూలు చూపిస్తే కూర్చోలేదు.

"బాబెలాగున్నాడమ్మా?"

"బాగున్నాడు మావా."

"నీకొక పని సెప్పాలని వొచ్చీనాను. ఏటనుకోకు."

మూట విప్పాడు. అందులో కత్తి ఉంది. నూనె రాసి, తుడిచి, మెరిసిపోతోంది.

"నీ కాడ కంటికి అగుపడని పురుగులు సూసే మిసనుంటాదంట గదా. మా గుంటడు సెప్పినాడు. ఇందల ఏటుందో ఓపాలి సూసి సెప్పు తల్లీ. ఊళ్ళో అందరూ ఏటేటో అంతన్నారు. నాను ఎవులి మాటా నమ్మను. నువ్వు సూసి సెప్తే నమ్ముతాను."

నేను కత్తి అందుకోలేదు. మైక్రోస్కోపు నా పక్కనే బల్ల మీద ఉంది. కిటికీ వైపు తిప్పి ఉంది. పొద్దుట బాటనీవాళ్ళు వాడిన స్లైడు దాని మీదే ఉంది. ఉల్లివేరు కొనను ఎర్రరంగు వేసి నలిపిన స్లైడు. కణవిభజన చూపించడానికి పెడతారు. ఆయన నా జవాబు కోసం ఆగి ఆగి, అదేనా మిసను అని అడిగి, నేను తల ఊపేలోపే వంగి కన్ను పెట్టాడు.

చాలాసేపు చూశాడు. ఆ అద్దంలో ఏం కనబడుతుందో నాకు కంఠతా వచ్చు. ఎర్రటి గదుల్లాంటి కణాలు. వాటిలో ముదురుగా, వంకరటింకరగా, పొట్టిపొట్టి దారాల్లాంటివి. క్రోమోజోములు. కొన్ని నడిమధ్య వరసకట్టి, కొన్ని రెండు పక్కలకూ విడిపోతూ.

ఆయన తల ఎత్తాడు. మొహం పాలిపోయింది.

"ఇయ్యేనా అమ్మా? నా కత్తి మీదియి ఇయ్యేనా?"

కత్తి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. అది మిషను కిందకు పోనే లేదు. కానీ అలా చూడాలంటే ముందు గాజుపలక మీద పెట్టాలని ఆయనకెలా తెలుస్తుంది? మిషను పక్కన కత్తి ఉంటే చాలనుకున్నాడు. నాకు నవ్వు రావలసింది. కాదు మావా, ఇది ఉల్లిపాయ అనవలసింది. అప్పుడు, మరి నా కత్తి సంగతేంటని అడిగేవాడు. కత్తి చూసి, ఏమీ లేదని చెప్పవలసి వచ్చేది.

"ఊఁ" అన్నాను.

"పాకుతున్నట్టే ఉన్నాయమ్మా" అన్నాడు. ఆ స్లైడులో ఏదీ కదలదు. రంగు వేసేముందే అన్నీ చచ్చిపోతాయి. ఒంటికన్నుతో చూడడం అలవాటు లేక కన్ను కదిలి ఉంటుంది.

"ఇన్నాళ్ళూ ఎంతమంది సంటిగుంటల నెత్తి మీద పెట్టినానో" అన్నాడు. నాతో కాదు. కత్తి మూటకట్టుకుని, గుమ్మం దగ్గర ఆగి, బాబుని తన పేరు చెప్పి దీవించమన్నాడు. వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక నేను స్లైడు తీసి పెట్టెలో పెట్టాను, అద్దం తుడిచాను, మిషను మీద గుడ్డ కప్పాను. నాలుగున్నర బస్సు అందుకున్నాను. ఇవన్నీ వరసగా గుర్తున్నాయి. అప్పుడు ఏమనుకున్నానో మాత్రం గుర్తులేదు.

ఊరు నమ్మినా ఆయన నమ్మలేదు రెండు నెలలపాటు. తన చేతి మీద ఆయనకు అంత నమ్మకం. దాన్ని నేను తీసేశాను. తన కళ్ళతో చూశాననీ, నిజమేననీ ఆయనే ఊరంతా చెప్పుకున్నాడు. ఆ రోజు నుంచి కత్తి పట్టలేదు. ఒక తోటకు కాపలా కుదిరాడు. ఆయన భార్య పలాస వచ్చి జీడిపిక్కలు కొట్టే పనిలో చేరింది.

నాకు మాత్రం ఏమీ కాలేదు. బాబుకు మోకాలు వాచినప్పుడల్లా విశాఖ తిప్పేవాళ్ళం. నాలుగైదేళ్ళకు ఇంకో డాక్టరు మా ఆయనకే తెలుగులో చెప్పేశాడు, ఇది పుట్టుకతో వచ్చిందని. బయటికొచ్చాక, మరి ఆనాడు కత్తి వల్లనన్నావు కదా అని అడిగారు. రెండూ ఉన్నాయి అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. అడిగితే సింహాచలం ఇంటికి వెళ్ళి తల వంచుకోవలసి వస్తుందని ఆయనకూ తెలుసేమో. మా తమ్ముడి సంగతి ఇప్పటికీ చెప్పలేదు. కాలేజీలో ఆ పాఠం వచ్చినప్పుడల్లా వర్ణాంధత్వం ఉదాహరణతో సరిపెట్టేదాన్ని. హీమోఫీలియా మీరే చదువుకోండి, సులువే అనేదాన్ని.

నిరుడు సింహాచలానికి కిడ్నీలు పోయాయని తెలిసింది. మా ఉద్దానం ప్రాంతంలో అది కొత్త కబురేమీ కాదు. నీళ్ళంటారు, మందులంటారు, వంశమంటారు, ఎవరికీ తెలియదు. చెప్పేద్దామని వెళ్ళాను. బాబు కూడా వచ్చాడు. వాడికి పదమూడేళ్ళు, ఒక కాలు కొద్దిగా ఈడుస్తాడు. ఆయన మంచం మీద ఉన్నాడు, కాళ్ళు వాచి. బాబుని చూసి సంతోషించాడు. వాడు దగ్గరికి వెళ్ళబోతే వద్దన్నట్టు చేయి అడ్డం పెట్టాడు. తన చేతులు మంచివి కావన్నాడు. నీ రక్తం పాడు చేసినందుకే నా రక్తం ఇలా పాడైందని వాడితో అన్నాడు. బాబు నా వైపు చూశాడు. నేను తెచ్చిన పళ్ళు మంచం పక్కన పెట్టాను. ఏవో మందుల పేర్లు అడిగాను. వచ్చేశాం.

నెల తిరక్కుండా పోయాడు.

మూడు నెలల తర్వాత నేనొక్కదాన్నే మళ్ళీ వెళ్ళాను. ఆయన భార్య గుమ్మంలో కూర్చుని ఉంది. జీడిరసానికి వేళ్ళు నల్లగా మాడిపోయి ఉన్నాయి. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. తమ్ముడి దగ్గర నుంచి ఉల్లివేరు దాకా. జన్యువుల సంగతి ఎలా చెప్పాలో తెలియక, ఈ జబ్బు మా అమ్మ కడుపులోంచి నాకు, నా కడుపులోంచి బాబుకు వచ్చిందన్నాను. అది అర్థం కావడానికి ఆమెకు సైన్సు అక్కర్లేకపోయింది. అయిపోయాక అంది.

"మా మనవడికి పుట్టెంటికలు తీయమని కాళ్ళట్టుకున్నాడు కొడుకు. తియ్యనేదు. పైఊరోడొచ్చి తీసినాడు. ఈయన ఆ దినం తోటకాడే ఉండిపోనాడు, కూడుకీ రానేదు."

ఉండమనలేదు, పొమ్మనలేదు. క్షమించమని అడుగుదామని వెళ్ళాను, అడగలేకపోయాను. అడిగి ఉంటే అది ఆమెకు ఇంకొక పని చెప్పినట్టయ్యేది. లేచి వచ్చాను.

ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఇది అచ్చయితే మా ఆయన చదువుతారు, మా అత్తగారికి ఎవరో చదివి వినిపిస్తారు. ఏమవుతుందో తెలియదు. నా కొడుకు జబ్బు నా నుంచి వచ్చింది. సింహాచలం కత్తి మీద ఏమీ లేదు. ఈ రెండు ముక్కలూ ఆయన బతికి ఉండగా చెప్పడానికి నాకు పదేళ్ళ వ్యవధి దొరికింది. చెప్పలేదు.

ఆ రోజు ఆమె గుమ్మంలోంచి లేచి వచ్చి పలాస బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. కూర్చున్న కాసేపటికే నిద్ర పట్టేసింది. బస్టాండులో అందరూ దిగిపోయాక కండక్టరు తట్టి లేపాడు. అంత నిద్రపోయి ఎన్నేళ్ళయిందో. దిగి నిలబడ్డాక సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తోంది.